పదహారు కాగితాల నడక

ఫిబ్రవరి 4

ఒరేయ్ బుడ్డోడా,

నలభై దాటినవాణ్ణి ఇలా పిలుస్తావేంటని మొహం ముడుచుకోకు. వేరే పిలుపు నా నోటికి రాదు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి అరుచుకుంటాం, నాలుగో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీద అరవాలంటే చెయ్యి నొప్పెడుతుంది కాబట్టి కాస్త మర్యాదగా ఉంటామని నా ఆశ.

విషయానికి వస్తాను. నేను పనిచేసే లైబ్రరీ మేడ మీద ఒక హాలుంది. విరిగిన కుర్చీలన్నీ అందులోనే పడేసేవాళ్ళు. కమిటీ సెక్రటరీ ప్రాణం తోడి దాన్ని ఖాళీ చేయించాను. మే రెండో వారం నుంచి ఆరు ఆదివారాలు మా కాలనీవాళ్ళకి చేత్తో గీసే యానిమేషన్ నేర్పిస్తామని అర్జీ కూడా పెట్టాను. సెక్రటరీ అర్జీ చదివి, "అన్నీ కంప్యూటరే చేసి పెడుతుంటే ఇంకా పెన్సిలు పట్టుకుని ఎవరు గీస్తారమ్మా?" అన్నాడు. "మా తమ్ముడు గీస్తాడు" అన్నాను. "వస్తాడా మరి?" అన్నాడు. "రాక ఎక్కడికి పోతాడు?" అనేశాను.

నిన్ను అడక్కుండా మాటిచ్చేశాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ వచ్చి తిట్టు.

మన చిన్నాన్న సైన్‌బోర్డులు రాసే రోజుల్లో రంగుల కేటలాగు అంచుల్లో పిట్టను గీసి, పేజీలు బొటనవేలితో గబగబా వదిలి ఎగరేసి చూపించేవాడు, గుర్తుందా? అమ్మానాన్నలు పోయిన ఏడాది మనిద్దరం నవ్వింది ఆ పిట్టను చూసే. నువ్వు ఆ పిట్ట వెనకాలే వెళ్ళి స్టూడియోలో చేరావు. నేను పుస్తకాల మధ్య ఉండిపోయాను. చిన్నాన్న కనబడకుండా పోయి ఏడేళ్ళయింది, నువ్వు ఈ గుమ్మం తొక్కీ ఏడేళ్ళయింది. నా దగ్గర ఆయన గుర్తంటూ మిగిలింది నీ చేతిలో ఉన్న ఆ పని ఒక్కటే. అదైనా పదిమందికి తెలియాలని ఉంది. నువ్వు రావాలని కూడా ఉంది. రెండోది మొదటిదానికంటే ఎక్కువ ఉంది, చెప్పేస్తున్నాను.

జవాబు రాయి. "సరే" అని ఒక్క ముక్క రాసినా చాలు.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నన్ను అడక్కుండా మాటివ్వడం నీకు అలవాటే. ఇంటర్లో లెక్కల ట్యూషను దగ్గర్నుంచీ చూస్తున్నాను.

సరే. వస్తాను. ఇక్కడ నా కోసం ఎవరూ కొట్టుకుపోవడం లేదు. మా స్టూడియోలో చేత్తో గీసే విభాగం ఎత్తేశారు. ఇప్పుడు నా పని కంప్యూటరు గీసిన బొమ్మల్లో వేళ్ళు ఆరున్నాయా ఐదున్నాయా అని చూసి దిద్దడం. ఇరవై ఏళ్ళు గీసినవాడిచేత వేళ్ళు లెక్కపెట్టిస్తున్నారు.

ఏమేం కావాలో రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. సెకనుకి పన్నెండు బొమ్మలు గీస్తాం. బొమ్మ మీద బొమ్మ జరగకుండా కూర్చోవాలి. అందుకని ప్రతి కాగితానికీ అడుగున రెండు చిల్లులు కొట్టాలి. బల్ల మీద ఆ చిల్లుల్లో సరిగ్గా దూరే రెండు కొయ్య మేకులుండాలి. రెండు చిల్లులూ కాగితం మధ్యగీతకి సమదూరంలో ఉండాలి, వెంట్రుకంత తేడా వచ్చినా మనిషి పూనకం వచ్చినట్టు ఊగుతాడు. చెక్క పెట్టెలో ట్యూబులైటు, పైన పాలరంగు గాజుపలక. కింద వెలుతురుంటే ముందు బొమ్మ కాగితంలోంచి కనిపిస్తుంది, దాన్ని చూస్తూ తర్వాతది గీయొచ్చు. ఫోటోలు తీయడానికి ఎవరి ఫోనైనా చాలు.

మొదటి ఆదివారం బంతి. రెండో ఆదివారం నడక. నడకకి చిన్నాన్న నడకనే పాఠంగా పెడతాను, ఇందులో మార్పు లేదు. ఆయన తప్పిపోయినప్పుడు కరపత్రం కోసం గీసిన పదహారు బొమ్మలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. బోర్డు రాస్తూ సారకట్టు మీంచి పడ్డాక ఆయనకి మతి తప్పింది, మొహం గాయంతో మారిపోయింది, అంతకు ముందు ఫోటోలు పనికిరావు, మనిషి కెమెరా చూస్తే పారిపోతాడు. నేనే అన్నాను, మొహం మారొచ్చు గానీ నడక మారదని. మూడు రోజులు గదిలో బీరువా అద్దం ముందు ఆయనలా కాలీడుస్తూ అటూ ఇటూ నడిచి, చూసి గీశాను. నా జన్మలో అంత బాగా ఇంకేదీ గీయలేదు. అయినా దొరకలేదు. అది వేరే సంగతి.

వేరే సంగతి అన్నాను గానీ, కాదు. ఆ రోజు నువ్వు తలుపుకి గొళ్ళెం పెట్టుంటే నేను ఆ బొమ్మలు గీయాల్సిన అవసరమే వచ్చేది కాదు. తవ్వకూడదనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు.

తమ్ముడు


మార్చి 1

ఒరేయ్,

నీ చెయ్యి ఆగదని నాకు తెలుసు. ఆ మాట నాకు కొత్తా? అద్దం ముందు తల దువ్వుకున్నప్పుడల్లా నాకు నేనే అనుకుంటాను. ఆ రోజు పాలవాడు పిలిస్తే వెళ్ళాను, తిరిగొచ్చి గొళ్ళెం పెట్టడం మరిచాను. వంటింట్లో పది నిమిషాలున్నాను. అంతే. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పని సంగతి విను, నవ్వుకుంటావు. వడ్రంగి గాజు పెట్టె చేసి తెచ్చాడు. "అమ్మా, ఇది చేపల కోసమా?" అన్నాడు. మనుషుల కోసం అన్నాను. నన్ను అదోలా చూసి, గబగబా సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. చిల్లులు కొట్టే మిషను పాత ఫైళ్ళ గదిలో దొరికింది. మొదటి వంద కాగితాలకీ చిల్లులు వంకరగా కొట్టాను. కమిటీ సెక్రటరీ వాటి మీద మినిట్సు రాసుకుంటానన్నాడు, నా పరువు దక్కింది.

నువ్వు పంపిన జిరాక్సుల్లోంచి ఎనిమిది బొమ్మలు వరసగా అతికించి నోటీసు బోర్డుకి పెట్టాను. కింద "మీకు తెలిసిన మనిషి నడకను మీరే గీయండి" అని రాశాను. ఏదో బాగుంటుందని రాశాను గానీ, వచ్చేవాళ్ళు ఇలా వస్తారనుకోలేదు. పదకొండు మంది పేర్లిచ్చారు. కాలనీ చివర ఉండే కండక్టరు వచ్చి, "మా ఆవిడ చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేది, ఆ చప్పుడు కూడా గీయొచ్చా?" అని అడిగాడు. ఆవిడ పోయి ఆర్నెల్లయింది. కుట్టుమిషనావిడ వాళ్ళ పాప తప్పటడుగులు గీస్తానంది. ఆ పాపకి ఏమయిందో కాలనీలో అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. అందరూ పోయినవాళ్ళ కోసమే వస్తున్నారురా. పెన్సిలు పట్టుకోవడం రాదు ఒక్కరికీ. నువ్వు కసురుకోకుండా నేర్పాలి.

నిన్న ఇంకొకావిడ వచ్చింది. నిరాశ్రయుల ఆశ్రమంలో ఆయాగా చేసి రిటైరయిందట, కూతురి దగ్గరుండడానికి మా వీధికి వచ్చింది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. పేరివ్వమంటే, మళ్ళీ వచ్చి మాట్లాడతానంది. సిగ్గేమో.

నీ గొంతు సరిగా లేదని ఫోన్లో ఎవరో అన్నారు. వేడినీళ్ళు తాగు.

అక్క


మార్చి 9

అక్కా,

చేపల పెట్టె సంగతి చదివి ఆఫీసులో పైకే నవ్వాను. పక్క కుర్చీలో కుర్రది ఉలిక్కిపడింది. నేను నవ్వగలనని ఆ పిల్లకి తెలియదు.

కండక్టరుగారికి చెప్పు, చప్పుడు గీయలేం గానీ, చెప్పు నేల విడిచేముందు ఒక బొమ్మ ఎక్కువ పెడితే ఈడుపు కనిపిస్తుంది. చూసేవాడి చెవిలో చప్పుడు దానంతటదే వస్తుంది. ఆయనకి ఆ కిటుకు నేనే దగ్గరుండి చూపిస్తాను. కసురుకోను.

పాఠం మొత్తం రాసి పెట్టుకున్నాను. రెండో ఆదివారం పదహారు అసలు కాగితాలూ తెస్తాను, అందరి చేతికీ ఇస్తాను. వేళ్ళ మధ్య పట్టుకుని తిరగేస్తే చిన్నాన్న నాలుగడుగులు నడుస్తాడు. ఏడేళ్ళుగా నేనొక్కణ్ణే నడిపిస్తున్నాను ఆయన్ని. ఇంకెవరైనా నడిపిస్తే చూడాలని ఉంది.

గొళ్ళెం మాట కిందటిసారి రాసి ఉండకూడదు. పది నిమిషాలని రాశావు కదా, నాకు ఆ పది నిమిషాల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. వచ్చాక మాట్లాడుకుందాం.

గొంతు బాగానే ఉంది. ఎవరో అన్నారంటే అది నువ్వే ఎవరితోనో అడిగించి ఉంటావు.

తమ్ముడు


మార్చి 20

ఒరేయ్,

నాలుగు ముక్కలు రాసి ముగిస్తాను, పని ఉంది.

నడక పాఠం వద్దు. బంతి చాలు. తర్వాత ఆకు రాలడం, పిల్లి దూకడం, దీపం ఊగడం, నీ ఇష్టం. మనిషి నడక కష్టమని, కొత్తవాళ్ళకి చేతకాదని కమిటీ అంటోంది. నాకూ అదే సబబనిపించింది. బోర్డు మీంచి ఆ బొమ్మలు తీసేశాను. పదహారు కాగితాలు తేవద్దు, ప్రయాణంలో నలిగిపోతాయి. అక్కడే బీరువాలో ఉంచు.

వారం రోజులు నేను ఊళ్ళో లేను, అందుకే జవాబు ఆలస్యం. లైబ్రరీ పని మీద వెళ్ళాను.

నువ్వు మాత్రం తప్పకుండా రా. టిక్కెట్టు తీసుకున్నావా?

అక్క


మార్చి 27

అక్కా,

కమిటీ అందా? పదకొండు మందీ నడక గీయడానికే పేర్లిచ్చారని ఈ నెల మొదట్లో రాసిందెవరు? లైబ్రరీ పని మీద వారం రోజులు ఊరు వెళ్ళడం నీ ఉద్యోగంలో ఎప్పుడైనా జరిగిందా? నేనేమన్నా పసివాణ్ణా?

అసలు సంగతి నేను చెప్పనా? బోర్డు మీద బొమ్మ చూసి ఎవరో అడిగి ఉంటారు, ఈయనెవరు, ఎలా తప్పిపోయాడు అని. నువ్వు తలుపు సంగతి చెప్పలేకపోయావు. తల కొట్టేసినట్టయింది. అందుకని బొమ్మను పీకేశావు. మనిషిని ఇంట్లోంచి పోగొట్టావు, ఇప్పుడు గోడ మీంచి కూడా తీసేశావు.

మొన్న రాసిన మెత్తటి మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పది నిమిషాలట. కాలీడ్చుకుంటూ నడిచే మనిషి పది నిమిషాల్లో వీధి చివరికి కూడా పోలేడు. నువ్వు వెతకడానికి బయల్దేరింది ఎప్పుడు?

నేను చేసిన మంచి పని ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది ఆ పదహారు కాగితాలు. అవి వద్దన్న చోటికి నేను రాను. నడక పాఠం ఉంటేనే వస్తాను. లేకపోతే నీ పిల్లి దూకుడు నువ్వే నేర్పుకో.

తమ్ముడు


ఏప్రిల్ 6

బుడ్డోడా,

ఈ ఉత్తరం రాయకూడదని మూడు వారాలు నా నోరు నేనే కట్టేసుకున్నాను. నువ్వు రానంటున్నావు కాబట్టి రాస్తున్నాను. కూర్చుని చదువు. ఆఫీసులో చదవకు.

చిన్నాన్న పోయాడు. ఇప్పుడు కాదు, మూడేళ్ళయింది.

ఆయా సంగతి రాశాను కదా. ఆవిడ ఆ తర్వాతి ఆదివారం వచ్చి, నన్ను పక్కకి పిలిచి బోర్డు చూపించింది. "అమ్మా, ఈ బొమ్మ నేనెరుగుదును. మా ఆశ్రమం ఆఫీసు గోడకి ఏళ్ళతరబడి అంటించి ఉండేది" అంది. కరపత్రం కదా, చాలాచోట్ల అంటించాం అన్నాను. "అది కాదమ్మా. మా ఐదో మంచమాయన అచ్చం ఇలాగే నడిచేవాడు. భుజం ముందుకి వాల్చి, అడుగడుక్కీ తలూపుతూ. కాలొక్కటే తేడా" అంది.

ఆవిణ్ణి కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పమన్నాను.

చిన్నాన్న ఇల్లు విడిచిన పదిహేనో రోజున ఎవరో లారీవాళ్ళు ఆయన్ని ఆ ఆశ్రమం గేటు దగ్గర దించి వెళ్ళారట. పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు. ఆయా మన కరపత్రం చూసి అప్పుడే సూపరింటెండెంటు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదురా. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడట. "ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తారు అని ఇందులో స్పష్టంగా రాశారు. బొమ్మలో కూడా ఎడమ కాలే. ఈయనది కుడికాలు. పాపం ఎవరి ఇంటివాళ్ళనో పిలిపించి, ఆశపెట్టి, ఏడిపించి పంపడం ఎందుకు?" అన్నాడట. ఆయా ఇంకోసారి అడిగిందట. ఆయన ఇంకోసారి చదివాడట. అంతే.

నేను వెళ్ళొచ్చాను. ఆ వారం రోజులూ అక్కడే ఉన్నాను. బస్సులో రెండు గంటల దూరం. రెండు గంటలు! ఆ దారిలో బస్టాండు గోడల మీద ఒకప్పుడు నేనే కరపత్రాలు అంటించాను. ఆశ్రమంలో పద్నాలుగు గదులున్నాయి. ప్రతి తలుపు మీదా తెల్లరంగుతో అంకె. నాకు రిజిస్టరు చూడాల్సిన పని లేకపోయింది. చిన్నాన్న అంకె రాస్తే రంగు జారకుండా తోక చివర చిన్న చుక్క పెట్టి ఆపేవాడు చూడు, పద్నాలుగు తలుపుల మీదా ఆ చుక్కుంది. చేత్తో తడిమాను. రిజిస్టరులో "పేరు తెలియదు, కుడికాలు కుంటి, బోర్డులు రాస్తాడు" అని ఉంది. నాలుగేళ్ళున్నాడు అక్కడ. వానాకాలంలో జ్వరమొచ్చింది, నాలుగు రోజుల్లో పోయాడు. ఆయా పక్కనే ఉందట.

మనల్ని అడిగేవాడా అని అడిగాను. ఆవిడ తల దించుకుంది. "పేర్లు మర్చిపోయాడమ్మా. ఇద్దరున్నారని మాత్రం రెండు వేళ్ళు చూపించేవాడు" అంది.

ఎడమకీ కుడికీ ఎక్కడ తేడా వచ్చిందో నాకు తెలియదు. ప్రెస్సువాళ్ళు అచ్చు వేసేటప్పుడు తిరగేసి ఉంటారు. వాళ్ళకి అలాంటివి మామూలే. ఈ మాట నీ మనసులో పెట్టుకుని కుళ్ళిపోతావని భయపడి పాఠం వద్దన్నాను. అబద్ధాలాడాను. నాకు అబద్ధం చేతకాదని నువ్వు చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నావు, నిజమే.

తలుపు తీసి ఉంచింది నేనే. ఆ తప్పు నాదే, దాన్ని ఎవరిమీదకీ తోయను. నువ్వు రా. పాఠం చెప్పకపోయినా సరే, రా. ఈ మాట మోసుకుంటూ ఒక్కదాన్నే ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను.

అక్క


ఏప్రిల్ 25

అక్కా,

నాలుగుసార్లు రాసి చించేశాను. ఇది ఐదోది. ఎలా వచ్చినా పంపేస్తాను.

ప్రెస్సువాళ్ళు తిరగేయలేదు. నీ ఉత్తరం చదివి బీరువా తెరిచి, అసలు కాగితాలు పదహారూ తీసి చూశాను. అందులోనూ ఎడమకాలే. నేనే గీశాను.

అద్దం అక్కా. నేను అద్దం ముందు నడిచాను. నా ఒంటికి తెలుసు, కుడికాలే ఈడ్చాను, ఇప్పుడు నడిచి చూసినా అదే కాలు వెనక పడుతోంది. అద్దంలో మనిషి మాత్రం ఎడమకాలు ఈడ్చాడు. నేను అద్దంలోవాణ్ణి గీశాను. కొత్తగా చేరినవాళ్ళకి మా స్టూడియోలో మొదటి రోజే చెబుతారు, అద్దం చూసి గీస్తే పూర్తయ్యాక కాగితం తిప్పి చూసుకోమని. నేను ఎంతమందికి చెప్పానో! కరపత్రంలో ఆ వాక్యం కూడా నేనే రాశాను. బొమ్మను ముందు పెట్టుకుని రాశాను. చిన్నాన్నను తలుచుకుని రాసుంటే కుడి అని వచ్చేదేమో. పండక్కో పబ్బానికో వచ్చి రెండు రోజులు చూసిపోయేవాణ్ణి, రోజూ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది నువ్వు.

లైటు వేసి, కాగితాలు ఒక్కొక్కటే బోర్లా తిప్పి మేకులకి తగిలించాను. చిల్లులు రెండువైపులా సమానం కదా, సరిగ్గా కూర్చున్నాయి. గీతలన్నీ వెనకనుంచి కనిపించాయి. ఎడమకి నడిచే మనిషి కుడికి నడిచాడు. ఈడ్చే కాలు మారింది. చిన్నాన్న అచ్చం చిన్నాన్నలా నడిచాడు. పదహారు కాగితాలు తిప్పడానికి నిమిషం పట్టలేదు. ఆ నిమిషం నేను ఏడేళ్ళ కిందట పెట్టుంటే రెండు గంటల బస్సు దూరంలో ఆయన దొరికేవాడు.

ఇంకొకటుంది. ఇది రాయడానికే నాలుగు కాగితాలు చిరిగాయి.

ప్రెస్సు మెట్ల మీద కరపత్రాల కట్ట నీ చేతికిచ్చాను. నువ్వు పైదాన్ని తీసి చూశావు. చాలాసేపు చూశావు. "ఒరేయ్, చిన్నాన్నది కుడికాలు కాదూ?" అన్నావు. చాలా నెమ్మదిగా అన్నావు. నేనేమన్నానో నాకు గుర్తొచ్చింది. "గొళ్ళెం పెట్టడం చేతకాలేదు గానీ, నాకు కాళ్ళు నేర్పొచ్చావా?" అన్నాను. నువ్వు మళ్ళీ నోరెత్తలేదు. జిగురు డబ్బా పట్టుకుని గోడగోడకీ తిరిగి నువ్వే అంటించావు.

ఏడేళ్ళు నిన్ను ఆ పది నిమిషాలకి తిట్టాను. గొళ్ళెం తీసి ఉంటే మనిషి పోయాడు, పోయినవాడు దొరికేవాడే. దొరకనివ్వంది నేను. నా బొమ్మ ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. దిద్దడానికి నువ్వు పక్కనే ఉంటే నీ నోరు మూయించాను చూడు, దాన్ని పొరపాటు అనలేను.

నీ ఉత్తరంలో ఆ మెట్ల మాట రాయలేదు. మర్చిపోయావా? లేక అది కూడా దాచావా?

నేను ఎవరికీ ఏమీ నేర్పగల మనిషిని కాను. కండక్టరుగారికి, ఆ కుట్టుమిషనావిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు. నన్ను వదిలెయ్యి.

తమ్ముడు


మే 2

బుడ్డోడా,

మర్చిపోలేదు. దాచాను.

తప్పని తెలిసి అంటించానని నువ్వు అనుకుంటున్నావేమో, అలా కాదు. నువ్వు కసిరాక నాకు నిజంగానే అనుమానం వచ్చింది. అంత పెద్ద ఆర్టిస్టు తప్పు గీస్తాడా, తలుపు వేయడం కూడా రానిదాన్ని నాకేం తెలుసు అనుకున్నాను. రోజూ నా భుజం మీద చెయ్యేసి నడిచిన మనిషిది ఏ కాలో నాకే గుర్తు లేకుండా పోయింది. నిన్ను నమ్మి నా కళ్ళను నమ్మడం మానేశాను. అందుకు నీ మీద నాకు కోపముంది. చాలా ఉంది. ఏడేళ్ళూ ఉండాల్సింది, ఇప్పుడొచ్చింది. అది ఎప్పటికి పోతుందో చెప్పలేను, పోతుందో లేదో కూడా తెలియదు. ఊరికే ఓదార్చడానికి పోయిందని రాయను.

కానీ వదిలెయ్యమంటే వదలను. చిన్నాన్నకి నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారు? ఆయన రెండు వేళ్ళు చూపించాడు, ఒకటి కాదు.

పదకొండు మందీ రోజూ అడుగుతున్నారు. కండక్టరు తన భార్య చెప్పులు రెండూ సంచిలో పెట్టి తెచ్చి, చూసి గీయడానికి పనికొస్తాయని నా బల్ల కింద ఉంచి వెళ్ళాడు. ఆయన్ని నేనేమని వెనక్కి పంపను? ఆయన కూడా అద్దం ముందు నడుస్తాడు, తప్పు కాలు గీస్తాడు. కాగితం తిప్పి చూసుకోమని చెప్పడానికి ఒక మనిషి కావాలి. నీకంటే బాగా ఎవరు చెబుతారు?

ఎనిమిదో తారీఖుకి నీ టిక్కెట్టు తీసి ఇందులో పెట్టాను. పదహారు కాగితాలూ తీసుకురా. రెండో ఆదివారం నడక పాఠమే. హాల్లో గోడకి పెద్ద అద్దముంటే నిన్న వడ్రంగిచేత తీయించేశాను. నువ్వు అందరి ముందూ చిన్నాన్నలా నడవాలి. ఆయా ముందు వరసలో కూర్చుంటుంది. నాలుగేళ్ళు రోజూ చూసింది, తప్పుంటే ఆవిడ చెబుతుంది.

ఈసారి విను.

అక్క